ఇరవై రెండు చేతులు

యోహాను కిటికీలోంచి చూసి లెక్కపెట్టాడు. ఇరవై. కళ్లు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవయ్యే.

"రెండు తక్కువున్నయ్ సారూ" అన్నాడు.

పక్కనే నిలబడ్డ మేనేజర్ సీతారామాంజనేయులు చేతి గడియారం చూసుకున్నాడు. "నేను ఇప్పుడే అటునుంచి వచ్చానయ్యా. అందరూ ఎడంగానే ఉన్నారు. తెరువు."

"సత్తెమ్మ కనిపిస్తలేదు సారూ."

"నీళ్లు తాగడానికి పోయుంటుంది. నువ్వు ఆవిరి మనిషివా, హాజరు వేసే పంతులివా? తెరుస్తావా, రేపట్నుంచి ఈ పనికి ఇంకొకణ్ణి చూసుకోమంటావా?"

యోహాను వాల్వు తిప్పాడు. ఆవిరి బుస్సుమంటూ ఇంజన్లోకి పోయింది. పెద్ద చక్రం కదిలింది, బెల్టు బిగుసుకుంది, గోడ అవతల రంపం గిర్రున లేచింది.

కేక అతనికి వినబడలేదు. రంపం తిరుగుతుంటే ఏ కేకా వినబడదు. కిటికీలో పది మంది నోళ్లు ఒక్కసారి తెరుచుకోవడం మాత్రం కనిపించింది.

అదేం మిల్లు, అదేం లెక్క అని అడుగుతారు. చెప్తాను వినండి. పందొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో కూడా ఆవిరితో నడిచే కోతమిల్లా అని నవ్వకండి. మాదాపూర్ రాళ్ల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లోనే, అక్కడికి రెండు మైళ్ల దూరంలో, కొండాపూర్ దాటాక, ఈ మిల్లు పొగ కక్కుతూనే ఉండేది. కరెంటు పూటపూటకూ పోయేది. ఆవిరికి ఆ ఫికరు లేదు. కోసిన చెక్క పొట్టే పొయ్యిలోకి పోతుంది, ఆ మంటే మళ్లీ చెక్క కోస్తుంది. తెల్లారి అయిదింటికి యోహాను మంట పెడితే, ఏడింటికి ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు ఎర్రగీతకు వచ్చేది. అప్పుడు కూత వేస్తే నల్లగండ్ల నుంచి నడిచొచ్చే వాళ్లు అడుగులు పెంచేవాళ్లు.

నిప్పురవ్వలు చెక్కల మీద పడకుండా ఇంజను ఒకవైపు, రంపం ఒకవైపు, మధ్యలో గోడ. గోడకు చాటంత కిటికీ. ఇటువాళ్లు అరిస్తే అటువాళ్లకు వినబడదు. అందుకని రంపం ఆపి మళ్లీ నడిపే ప్రతిసారీ, అవతలున్న పదకొండు మందీ రంపానికి దూరంగా వచ్చి రెండు చేతులూ పైకెత్తాలి. ఆవిరి మనిషి కిటికీలోంచి ఇరవై రెండు చేతులు లెక్కపెట్టాకే వాల్వు ముట్టాలి. ఒక్క చెయ్యి ఎత్తితే కుదరదు. రెండోది ఎక్కడుందో ఎవడు చూశాడు?

ఆ రివాజు పెట్టింది యోహాను తండ్రి ఆరోన్. అంతకుముందు ఒక మనిషి మొద్దు కింద ఉండగా ఆరోన్ ఆవిరి వదిలాడు. ఆ మనిషి బతకలేదు. నెల రోజులు ఆరోన్ అన్నం సరిగ్గా తినలేదట. ఆ తర్వాత తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మంట పెట్టడం కంటే ముందు చేతులు లెక్కపెట్టడం నేర్పాడు. వాళ్లు ఎక్కడెక్కడి మిల్లులకో పోయారు. రివాజు కూడా వాళ్ల వెంటే పోయింది.

ఇప్పుడు మేడల కాంట్రాక్టర్లకు సెంట్రింగు చెక్కలు కావాలి. ఇవాళ కావాలి, నిన్నటికే కావాలి. మిల్లు యజమాని రామ్మోహనరావు ఆ పని కోసమే మేనేజర్ను పెట్టుకున్నాడు. ఆ మేనేజరు వచ్చిన వారానికే తేల్చాడు. చేతులెత్తే తతంగానికి రోజుకు నలభై నిమిషాలు దండగ అవుతున్నాయట! సత్తెమ్మ చెయ్యి దండగ కాలేదు పాపం, లెక్కలోకే రాలేదు.

సత్తెమ్మ రంపం కింది గుంటలో పొట్టు తోడే మనిషి. రంపం ఆగిన కాస్సేపట్లో గుంటలోకి దిగి, గంపకెత్తి, పైకి రావాలి. ఆ రోజు పొట్టు తడిగా ఉండి రంపం పళ్లకు పట్టుకుంది. చేత్తో గీకుతుండగా రంపం లేచింది. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

ఆమెను ట్రాలీ మీద పడుకోబెట్టి, ఆటోలో ఎక్కించి, సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. ఆటో ఇంకా మలుపు తిరగలేదు, మేనేజరు రెండు గంపల పొట్టు తెప్పించి రక్తం మీద చల్లించాడు. "పదండి, పదండి, లారీ నిలబడి ఉంది" అన్నాడు. మధ్యాహ్నం మళ్లీ రంపం తిరిగింది. తిప్పింది యోహానే. సిగ్గుతో చచ్చిపోతూ తిప్పాడు. తిప్పాడా లేదా అంటే తిప్పాడు.

సాయంత్రం కూతురు కెజియా వచ్చింది. మిషన్ ఆసుపత్రిలో నర్సింగు చదువుతుంది. కబురు తెలిసి నేరుగా సత్తెమ్మ దగ్గరికే పోయి, అక్కణ్ణుంచి వచ్చింది. బాయిలరు వెనకాల మిల్లు వాళ్లు ఇచ్చిన రెండు గదుల ఇల్లు వాళ్లది. యోహాను పుట్టింది అందులోనే, కెజియా పుట్టిందీ అందులోనే.

"నాయినా, ఎన్ని లెక్కపెట్టినవ్?"

యోహాను చెంబెడు నీళ్లు మొహం మీద కొట్టుకున్నాడు. "ఇరవై రెండు."

"మరి సత్తెమ్మత్త గుంటల్నే ఉన్ననంటుంది?"

"నాకేం ఎరుక బిడ్డా? లెక్కయినంక దిగిందేమో."

కెజియా తుండుగుడ్డ అందించింది. అతను తుడుచుకుంటుంటే మొహంలోకి చూసింది.

మర్నాడు రామ్మోహనరావు స్వయంగా ఇంజను కొట్టంలోకి వచ్చాడు. అంత వేడిలోకి ఆయన అడుగుపెట్టి ఏళ్లయింది. చేతిలో టైపు కొట్టిన కాగితం.

"చూడు యోహానూ, మీ నాన్న కాలం నుంచీ మనది ఒక కుటుంబంలా ఉందండి. ఇందులో ఏం లేదు. ఇరవై రెండూ లెక్కపెట్టాకే ఆవిరి వదిలాను, ఆ తర్వాత ఆ మనిషి తన ఇష్టానికి గుంటలోకి దిగింది. ఇంతే. సంతకం పెట్టేయ్."

ఎంత మర్యాద! "అండి" కూడా అన్నాడు. అవసరమున్నప్పుడు గాడిద కాళ్లు కూడా పట్టుకుంటారు పెద్దమనుషులు.

"సత్తెమ్మ సంగతి ఏంది సారూ?"

"తప్పు ఆవిడదైతే మనమేం చేస్తాం చెప్పు? ఇంకొకటి కూడా ఆలోచించుకో. సంతకం పెట్టకపోతే పోలీసులు అడిగేది నన్ను కాదు. వాల్వు మీదున్న చెయ్యి ఎవరిదని అడుగుతారు. ఇల్లు కూడా ఖాళీ చెయ్యాల్సొస్తుంది మరి. ఆదివారం దాకా టైమిస్తున్నాను."

కాగితం పీట మీద పెట్టి, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. యోహాను ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మూడు రోజులు అది జేబులోనే ఉంది. సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు, పొయ్యిలో వెయ్యడానికీ రాలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, మిట్టమధ్యాహ్నం, మిల్లు వెనకాల మొద్దుల కుప్పల దగ్గర అందరూ కలిశారు. పిలిచింది లక్ష్మమ్మ. చెక్కలు మోసే మనిషి, నోరు పెద్దది, భయం తక్కువ.

"సత్తెమ్మ తప్పేనంట! మేనేజరు అందరికీ చెప్తున్నడు. కల్లు తాగొచ్చిందని గూడ అంటున్నడు. ఆమె ఏనాడన్న తాగంగ చూసిన్రా?"

"ఇప్పుడు లొల్లి చేస్తే ఏమొస్తదే?" అన్నాడు కోత మేస్త్రీ పెంటయ్య. మొద్దును చూడగానే లోపల ఎక్కడ ముడి ఉందో చెప్పగల పనిమంతుడు. "పని బందు పెడితే మనల్నే ఎల్లగొడ్తరు. మా పోరగాళ్లకు తిండెట్లా?"

"రేపు నీ చెయ్యి పోతే అప్పుడు తింటవా? ఏ చేత్తో తింటవ్?"

"నోర్ముయ్యే. నేను జాగర్తగుంట."

"సత్తెమ్మ లేకుండెనా జాగర్తగ? ఇరవై ఏండ్లు ఆ గుంటల దిగింది!"

ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. ఊరు మీద కోపం ఇంటి మీద చూపించినట్టు, యజమాని మీద రావాల్సిన కోపం పక్కవాడి మీద పోతోంది. పేదోళ్ల కొట్లాట ఎప్పుడూ ముందు పేదోళ్లతోనే మొదలవుతుంది. యోహాను ఒక మొద్దు మీద తలవంచుకుని కూర్చున్నాడు. జేబులో కాగితం గుచ్చుకుంటోంది.

అప్పుడు సత్తెమ్మ వచ్చింది. కెజియా భుజం పట్టుకుని, కుడిచేతికి గుడ్డల కట్టుతో, కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. అందరూ జరిగి దారిచ్చారు. ఆమె ఎవరి దగ్గరా ఆగలేదు. నేరుగా యోహాను ముందుకొచ్చి నిలబడింది.

"అన్నా, నేను చేతులెత్తలే. ఎత్తని చేతులు నీకెట్ల కనబడ్డయ్?"

యోహాను జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"చెప్పు నాయినా" అంది కెజియా.

"ఇరవై." లేచి నిలబడ్డాడు. మళ్లీ అన్నాడు. "ఇరవై లెక్కపెట్టిన. రెండు తక్కువున్నయని చెప్పిన. తెరువుమన్నడు. పని తీసేస్తనన్నడు. తెరిచిన." జేబులోంచి కాగితం తీసి మొద్దు మీద పడేశాడు. "ఇరవై రెండు చూసిన్నని దీని మీద సంతకం పెట్టుమంటున్నరు. మా నాయిన పెట్టిన రివాజును నేనే తొక్కిన. నన్ను మీరేం చేసినా సరే."

లక్ష్మమ్మ ఒక్క ఉదుటున వచ్చి అతని చొక్కా పట్టుకుంది. "థూ నీ బతుకు చెడ! నీ మీద భరోసతోని గద మేము రంపం కింద తలకాయ పెడ్తున్నం!" చెంప మీద ఒక్కటి కొట్టింది. రెండోది కొట్టబోతే సత్తెమ్మ ఎడమచెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగవే. నాకు లేని తొందర నీకెందుకు?" యోహాను వైపు తిరిగింది. "నేను నిన్ను మాఫ్ చెయ్య. గిది చచ్చేదాక యాదుంటది. నీక్కూడ ఉండాలె. గని ఒక్క మాట అడుగుత. వాల్వు తిప్పింది నువ్వు. తిప్పించింది ఎవడు? నీ మెడ మీద కత్తి పెట్టి నా చెయ్యి కోయించిండు. ఇప్పుడు నీ సంతకంతోని నా నోరు గూడ కోయిద్దామని చూస్తున్నడు."

పెంటయ్య ఆ కాగితం తీసి, కెజియాకు ఇచ్చి పైకి చదవమన్నాడు. చదివింది. 'తన ఇష్టానికి గుంటలోకి దిగినది' అన్న చోట పెంటయ్య ఉమ్మేశాడు. ఇంతసేపూ పని పోతదని గొణిగిన మనిషి అతనే.

"ఇష్టానికి దిగుతరా ఎవరన్న ఆ గుంటల? ఇగ చాలు. నాకు సమజయింది. ఇయ్యాల సత్తెమ్మ పేరున్నది, రేపటికి మన పేర్లు రాసిన కాగితాలు టైపు కొట్టి పెట్టుకున్నరు."

ఆ మధ్యాహ్నమే తీర్మానం చేసుకున్నారు. చేతులు చూపే రివాజును యజమాని సంతకంతో గోడ మీద రాయాలి. తప్పు సత్తెమ్మది కాదు, మేనేజరుదని ఒప్పుకోవాలి. ఆమెను కూర్చుని చేసే పనిలోకి తీసుకోవాలి. అప్పటిదాకా బాయిలరులో మంట పెట్టేది లేదు. యోహాను ఠాణాకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాలి.

"అప్పుడు నన్నే లోపలేస్తరు" అన్నాడు యోహాను.

"ఏస్తరు" అంది సత్తెమ్మ. "నా చెయ్యి పోయింది, నీ నాల్గు దినాలు పోనియ్."

సోమవారం కూత వినబడలేదు. నలభై ఏళ్లలో ఆదివారాలు తప్ప పొగ లేని పొద్దు అదే మొదటిది. ఇనుము చల్లబడుతుంటే టక్కుటక్కుమంటూ చప్పుడు చేసింది. యోహాను ఠాణాకు పోయి చెప్పాడు. ఎస్సై నవ్వాడు. "నువ్వే తెరిచినవ్, నువ్వే చెప్పబడ్తివి. మంచిది. పిలిచినప్పుడు రా" అన్నాడు. మేనేజరు మాట చెప్పబోతే రైటరు కలం మూత పెట్టేశాడు.

మూడు రోజులు గడిచాయి. కాంట్రాక్టరు జీపులు వచ్చి పోయాయి. రామ్మోహనరావు గేటు దగ్గర నిలబడి ముందు బతిమాలాడు, తర్వాత తిట్టాడు. "కడుపు నిండిన బేరాలురా మీవి! రేపు ఈ స్థలంలో కూడా అద్దాల మేడ కడితే ఎక్కడికి పోతారు?" లక్ష్మమ్మ అంతకంటే పెద్ద గొంతుతో అంది, "దానికి గూడ సెంట్రింగు చెక్కలు గావాలె సారూ! ఎవని చేతులతోని కోయిస్తవో కోయించు!"

గురువారం పొద్దున మిల్లు గొట్టంలోంచి పొగ లేచింది.

రామ్మోహనరావు దూరం నుంచి కొత్త ఆవిరి మనిషిని తెప్పించాడు. కిష్టయ్య అని, ముసలివాడు. ఇక్కడేం జరిగిందో అతనికి ఎవరూ చెప్పలేదు, పాత మనిషికి జ్వరమని చెప్పారు. తొమ్మిదింటికి పోలీసు జీపు వచ్చింది. యోహాను రెక్క పట్టుకుని ఇంట్లోంచి లాక్కొచ్చి, బేడీలు వేసి, వెనక సీట్లో పడేశారు. కెజియా అడ్డం పోతే కానిస్టేబుల్ నెట్టేశాడు. వంటగిన్నెలు, బైబిలు, పరుపులు బయట పొట్టు మీద పడ్డాయి.

"వీడే నేరస్థుడు" అన్నాడు ఎస్సై గేటు దగ్గరున్న గుంపుతో. "నా తప్పేనని వీడే ఒప్పుకున్నడు. కేసు ఖతం. ఇగ మీరు పనికి నిలబడ్తరా, అందరినీ జీపెక్కియ్యాల్నా?"

గుంపు గొణిగింది. పెంటయ్య పిడికిళ్లు బిగించాడు. అప్పుడు సత్తెమ్మ ముందుకొచ్చింది.

"నిలబడ్తం సారూ. అందరం పోతం."

"ఏందే నువ్వనేది? లొంగిపోదామా?" లక్ష్మమ్మ గుడ్లెర్ర చేసింది.

"రంపం కాడికి పోదాం పా. ఎప్పుడు నిలబడ్డట్టే నిలబడదాం. ఆ ముసలాయన ఎవరి కాడ పని నేర్చుకున్నడో సూద్దాం."

యోహాను జీపులోంచి తల బయటికి పెట్టాడు. ఆ మనిషి ఎవడో, ఏం నేర్చుకున్నాడో! చెయ్యి పోయిన ఆమె మళ్లీ అదే రంపం దగ్గరికి నడుస్తోంది. దిగబోతే కానిస్టేబుల్ మెడ పట్టి వంచాడు. జీపు ఇంజను కొట్టం తలుపుకు ఎదురుగానే ఉంది. అన్నీ కనబడుతున్నాయి. ముల్లు ఎర్రగీత మీద ఉంది. రామ్మోహనరావు నవ్వుతున్నాడు. మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు.

"తెరవండి" అన్నాడు మేనేజరు.

కిష్టయ్య వాల్వు ముట్టలేదు. తలపాగా విప్పి, మొహం తుడుచుకుని, కిటికీ దగ్గరికి పోయాడు.

"రంపం కాడ ఎంతమంది?"

"పదకొండు మంది. ఎందుకు?"

ముసలాయన కిటికీలోకి వంగాడు. పెదాలు కదులుతున్నాయి. వేలితో గాలిలో ఒక్కొక్కటే పొడుస్తున్నాడు. లెక్క ఎక్కడికొచ్చిందో యోహాను అతని వేలు చూసి చెప్పగలడు. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి. వేలు అక్కడే ఆగింది.

"ఒకటి తక్కువున్నది" అన్నాడు కిష్టయ్య.

"అది అంతేనయ్యా. ఆవిడకు ఒక్కటే చెయ్యి. తెరువు."

కిష్టయ్య వెనక్కి తిరిగాడు. మేనేజరును, యజమానిని, జీపులో ఉన్న యోహానును ఒక్కొక్కరినే చూశాడు. అంతా అర్థమయ్యే వయసే అతనిది.

"అయితే ఆ రెండోది ఏడున్నదో చూపెట్టు. చూసినంక తెరుస్త."

"ఏంటి పిచ్చివాగుడు? నిన్ను తెచ్చుకుంది ఎందుకు?" రామ్మోహనరావు అరిచాడు.

"నాకు పని నేర్పినాయనకు ఆరోన్ అనే ఆయన నేర్పిండు. ఈ ఇంజను కాడనే. లెక్క తక్కువుంటే వాల్వు ముట్టొద్దని నా చేత ఒట్టేయించుకున్నడు. ముట్ట."

"నేనే తెరుస్తాను, జరుగు!" మేనేజరు వాల్వు మీదికి పోయాడు. ముసలాయన అడ్డం నిలబడి, పైన వేలాడే కూత తాడు అందుకుని రెండు చేతులా లాగి, గోడకున్న కొక్కేనికి ముడేశాడు.

కూత లేచింది. పొద్దున వేసే చిన్న కూత కాదు. ఆగని కూత. మిల్లులో మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడే వేసే కూత. సత్తెమ్మ చెయ్యి పోయిన రోజున వెయ్యాల్సింది, యోహాను వెయ్యని కూత. ఆవిరంతా కూతలోకే పోతుంటే ఎర్రగీత మీది ముల్లు దిగడం మొదలుపెట్టింది.

"బండి తియ్యి, బండి తియ్యి!" అన్నాడు ఎస్సై.

జీపు కదిలింది. కానీ గేటు దాటాలంటే రంపం ముందు నుంచే పోవాలి. పదకొండు మందీ అక్కడే ఉన్నారు, చేతులు దించకుండా. మధ్యలో సత్తెమ్మ ఎడమచెయ్యి, దాని పక్కన గుడ్డల కట్టు. మొద్దులు దొర్లించేవాళ్లు, లారీ హమాలీలు, చూడటానికి వచ్చిన ఊరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి వాళ్ల పక్కన నిలబడి చేతులెత్తుతున్నారు. కెజియా గిన్నెలు అక్కడే వదిలేసి వచ్చి సత్తెమ్మ పక్కన నిలబడింది, చేతులెత్తింది. డ్రైవరు బ్రేకు వేశాడు.

యోహాను చేతులకు బేడీలు. అయినా రెండూ కలిపి జీపు కిటికీ దాకా ఎత్తాడు.

సత్తెమ్మ చూసింది. నవ్వలేదు. మాఫ్ చేసినట్టు మొహం పెట్టనూ లేదు. పెదాలు కదిపి లెక్కపెట్టింది.

రెండు మైళ్ల అవతల, మేడ కట్టే చోట, ఆ కూత విని పరంజా మీది కూలీలు తట్టలు దించారు. ఏ మిల్లులో ఏమైందో కనుక్కోవడానికి కొందరు అప్పుడే మెట్లు దిగి కొండాపూర్ దారి పట్టారు. ఆవిరి అయిపోయేదాకా కూత ఆగలేదు.